తెలుగు గడి: జవాబు పట్టడం ఎలా, వివరించడం ఎలా

తల తిరిగితే తీగ (2)

పదాల గడిలో ఇచ్చే ఆధారం ఇది, చివర అంకె జవాబులో ఎన్ని అక్షరాలో చెబుతుంది. ఈ వాక్యం చదవగానే నీరసం, కళ్ళు తిరగడం, డాక్టరు గుర్తొస్తే కూర్పరి, అంటే గడి తయారుచేసిన మనిషి, మిమ్మల్ని దారి తప్పించినట్టే. జవాబు ‘లత’. ‘తల’ అన్న రెండక్షరాలను వెనక నుంచి చదవండి, లత వస్తుంది. లతంటే తీగ. వాక్యంలో ఒక్క మాట కూడా మిగల్లేదు చూడండి: ‘తల’ ముడిసరుకు, ‘తిరిగితే’ దానితో చేయాల్సిన పని, ‘తీగ’ జవాబుకు అర్థం.

మామూలు పదవినోదంలో ‘తీగ (2)’ అని మాత్రమే ఇస్తారు. అక్కడ లత సరిపోతుంది, వల్లి కూడా సరిపోతుంది. ఏది సరైనదో తేలాలంటే అడ్డంగానో నిలువుగానో ఇంకో అక్షరం పడేదాకా ఆగాలి. గూఢమైన ఆధారాలుండే గడిలో ఆ టెన్షన్ ఉండదు. జవాబు సరైనదేనని ఆధారమే రుజువు చూపిస్తుంది. కాబట్టి గళ్ళు నింపడం సగం పనే, ఆ జవాబు ఎందుకు వచ్చిందో మాట మాటకీ లెక్క చెప్పగలగడం మిగతా సగం. లెక్క కుదరడం లేదంటే చాలాసార్లు జవాబే తప్పు.

పదాల గడి పుట్టింది అమెరికాలో. 1913 డిసెంబర్ 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ వేసినదాన్ని మొదటిదిగా చెబుతారు. దానికి ఈ గూఢమైన మెలిక పెట్టింది 1920ల్లో బ్రిటన్ కూర్పరులు. తెలుగులో శ్రీశ్రీ పదబంధ ప్రహేళికలు, ఆరుద్ర గళ్ళ నుడికట్లు కూర్చారు. ఇద్దరూ కవులు కావడం కాకతాళీయం అనుకోను. శ్లేష, చిత్రకవిత్వం తెలిసినవాళ్ళకి ఈ ఆట నేర్పక్కర్లేదు.

ముందు అక్షరాల లెక్క

ఇంగ్లీషు గడికి అలవాటుపడ్డవాళ్ళు తెలుగు గడిలో మొదట తడబడేది ఇక్కడే. ఒక గడిలో పట్టేది ఒక పూర్తి అక్షరం, అంటే గుణింతం, ఒత్తు, సున్న అన్నీ కలిపి. ‘పన్ను’ రెండు గళ్ళు: ప, న్ను. ‘గుంటూరు’ మూడు: గుం, టూ, రు. ‘పెన్’ లాంటి మాటల్లో చివరి పొల్లు హల్లుకు సాధారణంగా విడిగా ఒక గడి ఇస్తారు.

అక్షరాలను అటూ ఇటూ మార్చేటప్పుడు కూడా గుణింతం దాని అక్షరంతోనే కదులుతుంది. ‘కిటికీ’ ఎటు నుంచి చదివినా ఒకటే అనిపిస్తుంది గానీ కాదు, తిరగేస్తే ‘కీటికి’ అవుతుంది. ‘పర శవం’ చెదిరితే ‘పరవశం’ వస్తుందని మురిసిపోతే ఇంకా పెద్ద పొరపాటు. మొదటిదాంట్లో ఉన్నవి శ, వం. రెండోదాంట్లో కావలసినవి వ, శం. సున్న ఒక అక్షరం మీద నుంచి ఇంకో అక్షరం మీదకి దూకదు. ఆధారం చివర బ్రాకెట్లో ఉన్న అంకె చూసి, వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, ఆ తర్వాతే ముందుకు వెళ్ళండి.

ఆధారాన్ని విరవండి

దాదాపు ప్రతి ఆధారంలోనూ రెండు భాగాలుంటాయి. ఒకటి జవాబుకు సూటి అర్థం. రెండోది అక్షరాలతో ఆడిన ఆట. అర్థం ఎప్పుడూ వాక్యానికి ఒక కొసన ఉంటుంది. మొదట్లోనో చివర్లోనో తప్ప నడుమ ఉండదు. కాబట్టి వాక్యాన్ని కథలా చదవడం మానేసి మొదటి ఒకట్రెండు మాటలు, చివరి ఒకట్రెండు మాటలు విడదీసి చూడండి. ‘వీటిలో నిఘంటువులో అర్థంగా దొరికేది ఏది?’ అని అడగండి.

విరవడంలో కామాను నమ్మకండి. కామాలు, ఆశ్చర్యార్థకాలు, అందమైన సన్నివేశం, ఇవన్నీ కూర్పరి పరిచిన తివాచీ. ఉదాహరణకి:

కడప నుంచి తిరుగు ప్రయాణంలో మంచం (3)

చదవగానే రైలు, స్లీపర్ బెర్తు గుర్తొస్తాయి. విరిస్తే ‘మంచం’ అర్థం, ‘కడప నుంచి తిరుగు ప్రయాణంలో’ ఆట. కడపను వెనక్కి చదివితే పడక. అవసరం లేకుండా ఒక ఊరి పేరో మనిషి పేరో తగిలితే అది ముడిసరుకేనేమోనని అనుమానించడం మంచి అలవాటు.

సైగ మాట వెతకండి

ఆటలో ఏ పని చేయాలో చెప్పే మాట ఒకటి ఉంటుంది. దాన్ని సైగ అందాం. సైగను గుర్తు పడితే ఆధారం రకం తెలిసిపోతుంది.

తిరిగి, వెనక్కి, ఎదురు, రివర్స్ అంటే తిరగేయమని. నిలువు ఆధారంలో ‘పైకి’, ‘పాకుతూ’, ‘ఎగసి’ కూడా ఇదే పని చేస్తాయి, ఎందుకంటే అక్కడ అక్షరాలు కిందికి పడతాయి. అడ్డం ఆధారంలో ‘పైకి’ అని రాసి తిరగేయమంటే కూర్పరిదే తప్పు.

చెదిరి, చిక్కుపడి, తడబడి, కలగాపులగం, గజిబిజి అంటే అక్షరాల్ని తారుమారు చేయాలి. ‘వల, కరం చిక్కుపడితే కంగారు (4)’. వ, ల, క, రం కలిపి సర్దితే కలవరం. తారుమారు చేసేటప్పుడు అక్షరాలను ఒకే వరుసలో రాయొద్దు, కాగితం మీద గుండ్రంగా చెల్లాచెదురుగా రాయండి. వరుసలో రాస్తే కన్ను పాత మాటనే చదువుతూ ఉంటుంది.

తల తెగి, మొదలు లేక, తోక పోయి, అంతు లేని లాంటివి కోతకు సైగలు. ‘సంగీతం తల తీస్తే పాట (2)’ గీతం. ‘తల లేని పట్టణం వేడి (2)’ కొంచెం కష్టం, ఎందుకంటే పట్టణానికి ‘నగరం’ అని మనమే పెట్టుకుని తర్వాత తల కోయాలి. మిగిలేది గరం. గరం చాయ్ తాగే హైదరాబాదు వాళ్ళకి ఇది ముందే తట్టవచ్చు.

దాగిన, చిక్కుకున్న, మధ్య, కొంత అంటే జవాబు అక్షరాలు వరుసగా ఆధారంలోనే కనిపిస్తూ ఉంటాయి. ‘పాపం, దిగులులో చిక్కుకున్న జంతువు (2)’. పా(పం ది)గులు. ఇలాంటివి అన్నిటికంటే సులువు, అయినా అన్నిటికంటే ఆలస్యంగా కనబడతాయి, ఎందుకంటే మన చదువు మాటకీ మాటకీ మధ్య ఖాళీ దగ్గర ఆగిపోతుంది. గడి చేతికి రాగానే ముందు ఈ రకం కోసమే ఓ చుట్టు వెతకండి. ‘ఆమె డబ్బులో కొంత, హారం పడే చోటు (2)’ దగ్గర ఆ ఖాళీని దాటి చదివితే మెడ దొరుకుతుంది.

ఒక మాట కడుపులో ఇంకోటి పెట్టడం మరో రకం. ‘కలలో మొదట మహిళ, తీరా చూస్తే లక్ష్మి (3)’. ‘మొదట మహిళ’ అంటే మహిళలో మొదటి అక్షరం, మ. దాన్ని ‘కల’లోకి పంపితే కమల. లక్ష్మీదేవికి ఆ పేరుంది.

అతుకుల రకానికి సైగ ఉండకపోవచ్చు. ముక్కలు వరుసగా కలిపితే చాలు. ‘ఆవూ, ఇలా రా, ధాన్యముందంటున్న నది (4)’. ఆవు అంటే గో, ఇలా రా అంటే దా, ధాన్యం వరి. గోదావరి. ఇలాంటివాటికి చిన్న చిన్న మాటల సంచీ ఒకటి మీ దగ్గరుండాలి. గో, దా, శ్రీ, ధీ, భూ, మా లాంటి ఏకాక్షరాలు తెలుగు కూర్పరులకు ప్రాణం. ‘శ్రీ’ లక్ష్మి కావచ్చు, సంపద కావచ్చు, విషం కూడా కావచ్చు. ‘స్వరం’ అంటే స, రి, గ, మ, ప, ద, ని లలో ఏదైనా ఒకటి.

మన భాషకే ఉన్న సౌకర్యాలు

అతుకుల్లో సంధి కూడా రావచ్చు. ‘గొయ్యిని ఆనుకున్న గ్రామం, ఘాటుకు పేరు (3)’. గొయ్యి గుంట, గ్రామం ఊరు, రెండూ కలిస్తే సంధి జరిగి గుంటూరు. ముక్కల్లో నాలుగు అక్షరాలున్నాయి, జవాబులో మూడే ఉన్నాయి. లెక్క తప్పిందనుకుని వదిలేయకుండా, రెండో ముక్క అచ్చుతో మొదలైతే ఓసారి సంధి చేసి చూడండి.

దీనికన్నా రుచి గుణింతాల ఆటలో ఉంది. కొమ్ము, గుడి, దీర్ఘం, సున్న, ఒత్తు: ఇవన్నీ రాతలో గుర్తులు, బయట మామూలు మాటలు కూడా. కొమ్ము ఆవుకుంటుంది, గుడి ఊళ్ళో ఉంటుంది, సున్న పరీక్షలో వస్తుంది. ఇంత సిద్ధంగా దొరికిన శ్లేషను ఏ కూర్పరీ వదలడు.

దీర్ఘం కోల్పోయిన కాలం రాసేది (2)

కాలానికి దీర్ఘం తీసేస్తే కలం. ఇలాంటి ఆధారంలో ‘దీర్ఘం’ని చాలాసేపు అన్న అర్థంలో చదివినంతసేపూ ఏమీ దొరకదు. కొమ్ము, గుడి, సున్న కనిపించిన ప్రతిచోటా ఓసారి అక్షరం వైపు చూడండి.

ఉచ్చారణ ఒకటై రాత వేరయ్యే మాటలతో ఇంగ్లీషు కూర్పరులు చాలా ఆడుకుంటారు. తెలుగులో పలికినట్టే రాస్తాం కాబట్టి ఆ దారి దాదాపు మూసుకుపోయింది. పెద్ద నష్టమేమీ లేదు.

నానార్థాల ఆధారాల్లో అక్షరాల ఆటే ఉండదు, రెండు అర్థాలుంటాయి. ‘సర్కారు వేస్తుంది, డాక్టరు పీకుతాడు (2)’ పన్ను. ‘రాత్రిపూట ఉండని కక్షలు (3)’ పగలు. మాటలు తక్కువగా ఉండి సైగ ఏదీ కనిపించకపోతే ఈ రకమేనని అనుమానించండి.

అర్థం, ఆట వేర్వేరు కొసల్లో ఉంటాయని పైన చెప్పాను. ఆ సూత్రాన్ని అందంగా దాటే ఆధారాలు అప్పుడప్పుడు వస్తాయి. వాటిలో వాక్యం మొత్తం అర్థం, అదే వాక్యం మొత్తం ఆట.

వాగుకీ నదికీ మొదలు (2)

వాగుకి మొదటి అక్షరం వా, నదికి మొదటి అక్షరం న. వాన. నిజంగానూ వాగుకీ నదికీ మొదలు వానే. ఇలాంటిది దొరికిన రోజున మిగతా గడి నిండకపోయినా బాధ ఉండదు.

ఒక చిన్న గడి కలిసి నింపుదాం

మూడు గళ్ళ వెడల్పు, మూడు గళ్ళ ఎత్తు, నట్టనడుమ గడి నలుపు. మొదటి వరుస మొదటి గడి 1, అదే వరుస చివరి గడి 2, మూడో వరుస మొదటి గడి 3.

అడ్డం
1. కడప నుంచి తిరుగు ప్రయాణంలో మంచం (3)
3. అవని తల్లి ఒడిలో దాగిన స్త్రీ (3)

నిలువు
1. సగం పడమరకి వరద మొదలు, గట్టు చేర్చేది (3)
2. కవికి మొదట తమలపాకు అందితే పుట్టేది (3)

వరుసక్రమంలో మొదలుపెట్టాలన్న నియమం లేదు. ఏది సులువైతే దానితో మొదలుపెట్టండి. అడ్డం 1 పడక అని ఇందాకే తేలింది, నింపేద్దాం. ఇప్పుడు నిలువు 1 ‘ప’తోనూ, నిలువు 2 ‘క’తోనూ మొదలవ్వాలి.

నిలువు 1లో ‘సగం పడమర’ అంటే ‘పడ’ కావచ్చు, ‘మర’ కూడా కావచ్చు. ముందే పడ్డ ‘ప’ ఆ తగువు తీర్చేసింది: పడ. ‘వరద మొదలు’ వ. పడవ. గట్టు చేర్చేది అన్న అర్థం సరిపోయింది.

నిలువు 2లో ‘మొదట తమలపాకు’ అంటే త. దాన్ని కవికి అందిస్తే కవిత. పెద్దన పేరు మీద చెప్పుకునే పద్యంలోని కప్పుర విడెం గుర్తొస్తే ఈ ఆధారం ఇంకాస్త బాగుంటుంది, గుర్తు రాకపోయినా జవాబు వస్తుంది. మంచి ఆధారానికి అది లక్షణం. లోకజ్ఞానం ఉంటే నవ్వొస్తుంది, లేకపోయినా దారి మూసుకుపోదు.

అడ్డం 3కి ఇప్పుడు వ, ఖాళీ, త ఉన్నాయి. ‘వనిత’ అని చేయి వెంటనే రాసేస్తుంది. స్త్రీ అన్న అర్థమూ కుదిరింది. అయినా ఒక్క క్షణం ఆగి, ‘ఒడిలో దాగిన’ ఎందుకుందో చూడండి. అ(వని త)ల్లి. ఇప్పుడు రాయండి. భూదేవి ఒడిలో సీత అని పైకి కనిపించే కథ, లోపల మూడు అక్షరాలు.

వివరణ రాయడం

పక్కవాళ్ళకి చెప్పేటప్పుడు ‘ఆలోచిస్తే వచ్చేసింది’ అంటే వివరణ కాదు. నాలుగు సంగతులు ఉండాలి: అర్థం ఏ మాటలు, ముడిసరుకు ఏది, సైగ ఏది, మిగిలిన మాటలు ఎందుకున్నాయి. ఒక్క వరుస చాలు:

కలవరం: వల + కరం, ‘చిక్కుపడితే’ తారుమారు, అర్థం ‘కంగారు’.

కమల: క(మ)ల, ‘మొదట మహిళ’ మ, ‘కలలో’ అంటే కల లోపల, ‘తీరా చూస్తే’ ఆటనీ అర్థాన్నీ కలిపే మాట, అర్థం ‘లక్ష్మి’.

ఇలా రాస్తే ఏ మాటకి పని దొరకలేదో ఇట్టే తెలుస్తుంది. ‘తల లేని పట్టణం వేడి (2)’ దగ్గర ఎవరో ‘ఎండ’ అని నింపారనుకోండి. అర్థం బాగానే ఉంది, గళ్ళూ రెండే. వివరణ రాయబోతే ‘తల లేని పట్టణం’ దిక్కులేకుండా నిలబడిపోతుంది. అక్కడే చెరిపేయొచ్చు. వివరణ అడగకుండా ముందుకెళ్తే ఆ ‘ఎం’, ‘డ’ పక్కనున్న రెండు నిలువుల్ని కూడా పాడుచేస్తాయి, అప్పుడు తప్పెక్కడుందో వెతకడానికి అరగంట.

కొత్తవాళ్ళకి సాయం చేస్తున్నప్పుడు జవాబు చెప్పేయకండి, దాని వల్ల వాళ్ళకి వచ్చే లాభం ఏమీ లేదు. ముందు అర్థం ఏ కొసన ఉందో చెప్పండి. కదలకపోతే రకం చెప్పండి, ‘ఇది కోత’ అని. అప్పటికీ రాకపోతే ముడిసరుకు చూపించండి. పిల్లలకైతే దాగిన జవాబుల ఆధారాలు, ‘తల తీస్తే’ రకాలు ముందు ఇవ్వండి. ఏడెనిమిదేళ్ళ పిల్లలు ఇందులో పెద్దవాళ్ళని చిత్తు చేస్తారు, ఎందుకంటే వాళ్ళు ఇంకా మాటని అక్షరం అక్షరంగానే చదువుతుంటారు.

ఆధారంలోనే లోపముంటే

అప్పుడప్పుడు తప్పు మీది కాదు. బ్రిటన్ కూర్పరి ఏ.ఎఫ్. రిచీ 1949లో పెట్టిన నియమం ఇప్పటికీ కొలబద్దగా ఉంది: పైకి వినిపించే అర్థమే కూర్పరి ఉద్దేశం కానక్కర్లేదు, కానీ రాసిన మాటలు అతని లెక్కకు అక్షరాలా సరిపోవాలి. ‘చేపలు పట్టేది, చేయి చిక్కుపడితే కంగారు (4)’ అని ఇచ్చారనుకోండి. ముందు వల, కరం మనమే ఊహించాలి, ఆ ఊహల్ని మళ్ళీ తారుమారు చేయాలి. చేయికి హస్తం ఉంది, పాణి ఉంది, చేపలు పట్టేది గాలం కూడా. ఇది అన్యాయమైన ఆధారం. ‘నగరం’ లాంటి ఒక్క మాటను ఊహించి తల కోయమనడం న్యాయమే, ఊహించిన మాటల్ని కలగలపమనడం కాదు.

నిఘంటువు చూడటం తప్పా అని అడుగుతుంటారు. తప్పు కాదు. ఆంధ్రభారతి వెబ్‌సైటులో ఒకే చోట చాలా నిఘంటువులు వెతకొచ్చు, శబ్దరత్నాకరం, బ్రౌన్ నిఘంటువు అందులో ఉన్నాయి. నా లెక్క ప్రకారం, వివరణలో ఒక ముక్కని ఖాయం చేసుకోవడానికి నిఘంటువు తెరవండి, జవాబు దేవులాడటానికి కాదు.

ఇక మీ వంతు

ఈ నాలుగింటికి జవాబుతో పాటు పైన చెప్పినట్టు ఒక్కో వరుస వివరణ కూడా రాయండి.

1. ఎటు తిరిగి పడుకున్నా మారని చిన్న నిద్ర (3)
2. కొమ్ము విరిగిన గుడిలో ఒక్క అక్షరానికే చోటు (2)
3. బంగారం తల తీసి చేసే ముద్దు (2)
4. నాదైన మిరపపొడి మీద ప్రేమ (4)

ఒకటోదాన్ని రెండు వైపుల నుంచీ చదివి చూడండి. రెండోదాంట్లో ‘గుడి’ని గుడిలాగే ఉంచండి, ‘కొమ్ము’ని మాత్రం ఆవుది అనుకోవద్దు. మూడోదాంట్లో ‘ముద్దు’ పెట్టేది కాదు, పిల్లల్ని చేసేది. నాలుగోదాంట్లో ‘నాది’ అన్న మాటకి సంస్కృతం వైపు వెళ్ళండి, మిరపపొడికి మాత్రం వంటింట్లోకే.